వెనెరాందా ఇంటి తరఫున ఎవరు?

లెయోన్,
మే 9, శనివారం.

చిరంజీవి కమీనోకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరెవరో చెప్పకపోతే ఆ మాటకు విలువ లేదు కాబట్టి చెబుతున్నాను. నేను క్షేమం. మీ అమ్మకు జలుబు చేసి ఆరు రోజుల్లో తగ్గింది. ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీలు మాత్రం తగ్గలేదు. పై అంతస్తు ఆవిడ కుక్క పోయింది గానీ, అది మన కుటుంబంలోది కాదు. నువ్వు క్షేమమనే నీ ఉత్తరం చెబుతోంది. అయితే అదే ఉత్తరంలో ‘అలసిపోయాను’ అని మూడుచోట్ల ఉంది. ఆ హాలండ్ నర్సరీ వాళ్లు మొక్కల మీద చూపే శ్రద్ధలో సగమైనా పనిచేసే పిల్లల మీద చూపుతున్నారో లేదో ఈసారి రాయి. బరువెంత ఉన్నావో కూడా రాయి. సుమారుగా కాదు.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగావు. వరసగా జవాబు చెబుతాను.

మొదటిది, నీ గదిలో దిగిన కొత్త అమ్మాయి ఎలాంటిదని. పేరు కెర్తు. ఫిన్లాండ్‌లో ఉత్తరాన కెమి అనే ఊరు. ఇరవై రెండేళ్లు. ఇక్కడ యూనివర్సిటీలో మన స్పానిష్ నేర్చుకోవడానికి ఫిబ్రవరిలో వచ్చింది, జూన్ ఇరవైన వెళ్లిపోతుంది. ఈ ఇంట్లో ఇంతవరకు పదిహేడు మంది విద్యార్థులు దిగారు. ఎనిమిది నిమిషాల్లో స్నానం ముగించిన మొదటి మనిషి ఈ పిల్ల. నీ పుస్తకాలు కదిలించలేదు. నీ కుర్చీ మాత్రం కిటికీ దగ్గరికి జరుపుకుంది. నన్ను అడిగే జరిపింది.

మాట బొత్తిగా తక్కువ. మొదట్లో కోపమేమో అనుకున్నాను. కోపం కాదు, ఆలోచించి గానీ నోరు తెరవదు. భోజనం ముగియగానే లేచి పళ్లెం కడుక్కుని వెళ్లిపోయేది. రెండో వారం ఆపేశాను. “తిన్నాక బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవడం కూడా భోజనమే ఇక్కడ. లేచిపోతే వంట బాగాలేదని అర్థం,” అన్నాను. ఆ మర్నాటి నుంచి గడియారం చూసుకుని కచ్చితంగా అరగంట కూర్చుంటోంది. ఒక్క మాటా మాట్లాడదు. కూర్చుంటుంది, అంతే. మీ అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోతుంది. నాకు మాత్రం ఆ అమ్మాయి పద్ధతి నచ్చింది.

రెండో ప్రశ్న, పెన్యసోలాలో మన తోట నీటి వంతు ఇంకా మనదేనా అని. నలభై ఆపిల్ అంట్లు తెచ్చుకుని నవంబరులో అక్కడ నాటాలన్న నీ ఆలోచన ఆ నీళ్ల మీదే ఆధారపడి ఉందని నాకు తెలుసు. నీళ్లు లేకపోతే అది తోట కాదు, రాళ్ల దిబ్బ. ‘రెండేళ్లు ఊరుమ్మడి పనికి మనిషి రాకపోతే పేరు కొట్టేస్తారు కదా’ అని రాశావు. తప్పు. రెండేళ్లు కాదు, మూడేళ్లు. ఏప్రిల్ చివరి శనివారం తొమ్మిదింటికి చర్చి గంట కొడతారు. ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చి కాలువ పూడిక తీయాలి. ఆ ముందు రోజు సాయంత్రం ఆ ఇంట్లో పొయ్యి వెలిగి ఉండాలి. లేకపోతే సెలవులకొచ్చే పట్నం వాళ్లంతా పొద్దున కారులో దిగి, ఫొటో తీయించుకుని, మేమూ ఊరివాళ్లమే అంటారు. ఒళ్లు బాగా లేకపోతే గంట కొట్టక ముందే కబురు చెయ్యాలి. ఇరవై రెండేళ్లు ఆ హాజరు పుస్తకం రాసిన దాన్ని, నాకు తెలియకుండా అందులో ఏ రూలూ లేదు.

నా తుంటి ఆపరేషన్ అయిన ఏడాది మనింటి నుంచి ఎవరూ వెళ్లలేదు. పోయిన ఏడాదీ వెళ్లలేదు. ఈ ఏడాదీ వెళ్లకపోతే మూడు. మీ అమ్మకు ఆ శనివారం కూడా డ్యూటీ పడింది. నువ్వు హాలండ్‌లో ఉన్నావు. నా సంగతి తర్వాత చెబుతాను.

సరిగ్గా అప్పుడే కెర్తు వచ్చి అడిగింది. “సెన్యోరా, ఈ వారాంతం క్లాసు వాళ్లంతా పోర్తో వెళుతున్నారు. నాకు వెళ్లాలని లేదు. అక్కడ మళ్లీ అందరం ఇంగ్లీషే మాట్లాడుకుంటాం. ఇంగ్లీషు ఎవరికీ రాని చోటు మీకేమైనా తెలుసా?”

“కొండల్లో మా ఇల్లొకటి ఉంది,” అన్నాను.

తాళంచెవి ఇచ్చాను. పప్పు, పంది మాంసం చోరీసో, రొట్టె సర్దిపెట్టాను. వెళ్లగానే వంటింటి పొయ్యి వెలిగించమని, లేకపోతే ఇల్లు చెమ్మగా ఉంటుందని చెప్పాను. శనివారం పొద్దున గంట మోగితే జనం ఉన్న చోటికి వెళ్లమన్నాను. ఏ ఇంటి నుంచి వచ్చావని అడిగితే వెనెరాందా ఇంటి నుంచి అని చెప్పమన్నాను. సంచి అడుగున మీ తాతయ్య తోలు చేతితొడుగులు కూడా పెట్టాను.

“ఇవెందుకు?” అంది.

“అక్కడ చలి,” అన్నాను.

ఫిన్లాండ్ పిల్లకు పెన్యసోలా చలి గురించి చెప్పాను, చూడు. కమీనో, చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పనిదాంట్లోనే ఉంది తప్పంతా. నువ్వు ఏడేళ్లప్పుడు ఇలాగే చేస్తే నిన్ను మూలన నిలబెట్టాను.

శనివారం సాయంత్రం ఫ్రోయిలాన్ ఫోన్ చేశాడు. ఇప్పుడు ఊరి పెద్ద అతనే, పుస్తకమూ అతని దగ్గరే ఉంది. ఆదివారం కెర్తు వచ్చి మిగతాది చెప్పింది. ఇద్దరి మాటలూ కలిపి రాస్తున్నాను.

పద్నాలుగు ఇళ్లవాళ్లు కాలువ మొదట్లో నిలబడ్డారట. ఫ్రోయిలాన్ పేర్లు చదువుతున్నాడు. “వెనెరాందా ఇంటి తరఫున ఎవరు?” అన్నాడు. ఎవరూ పలకలేదు.

“మూడో ఏడు! కొట్టెయ్,” అన్నాడు రుఫీనో. మన తోటకు దిగువ తోట అతనిది. మన వంతు పోతే అందులో సగం తనకే వస్తుందని అతనికి లెక్క తెలుసు.

అప్పుడు వెనక నుంచి ఎర్ర టోపీ పెట్టుకుని, అందరినీ చూసి మనింట్లోంచి తెచ్చుకున్న పార పట్టుకున్న పొడవాటి పిల్ల చెయ్యెత్తింది. “నేను.”

అందరూ వెనక్కి తిరిగారు.

“నువ్వెవరమ్మా?” అన్నాడు ఫ్రోయిలాన్.

“వెనెరాందా ఇంటి నుంచి వచ్చాను.”

“అది సరే. పంతులమ్మకు నువ్వేమవుతావు?” నలభై ఏళ్లు బడిలో చెప్పానుగా, ఆ ఊళ్లో నేనింకా పంతులమ్మనే.

కమీనో, మనవరాలినని ఒక్క మాట అని ఉంటే అక్కడితో అయిపోయేది. ఫ్రోయిలాన్‌కు కళ్లు సరిగా ఆనవు, నిన్ను చూసి నాలుగేళ్లయింది. కెర్తు ఎప్పట్లాగే ఆలోచించింది. ఆలోచించి నిజం చెప్పింది. “ఏమీ కాను. నెలనెలా డబ్బిచ్చి ఆవిడింట్లో ఉంటున్నాను.”

ఇక నవ్వులే నవ్వులట. “అద్దెకున్న వాళ్లకూ నీళ్లిస్తారా? అయితే మా కోళ్ల షెడ్డుకొచ్చిన కరెంటు మేస్త్రీకీ ఒక వంతు రాయి!” అన్నాడు రుఫీనో. “అమ్మాయ్, ఆ పార ఎటునుంచి పట్టుకోవాలో తెలుసా?” అని మరొకడు. ఫ్రోయిలాన్ తల గోక్కుని, “రూలు ప్రకారం ఇంటి మనిషే రావాలి కదా...” అంటూ పెన్ను తీశాడు.

“రాసుకో, ఫ్రోయిలాన్. వచ్చిందని రాసుకో.”

ఆ మాట అన్నది అకిలీనా. నా తమ్ముడి భార్య అకిలీనా. పదకొండేళ్లుగా ఆ పనికి వస్తోంది, పార వేస్తోంది, పోతోంది. పేరు పిలిస్తే పలకడం తప్ప అక్కడ ఎవరితోనూ మాటలేదు.

“నిన్న సాయంత్రం ఏడు దాటాక వెనెరాందా ఇంటి పొగగొట్టంలోంచి పొగ వచ్చింది. మా కిటికీలోంచి చూశాను,” అందట. “పొయ్యి వెలిగించిన మనిషే ఇంటి మనిషి. ఆ రూలు రాసింది పంతులమ్మే. చదువుకో. మూడో పేజీ.”

ఫ్రోయిలాన్ చదువుకున్నాడు. మూడో పేజీలోనే ఉంది. వచ్చిందని రాశాడు. కాబట్టి నీ రెండో ప్రశ్నకు జవాబు: నీటి వంతు మనదే. గురువారం పొద్దున ఆరు నుంచి ఎనిమిదీ ముప్పావు దాకా, ఎప్పట్లాగే. అంట్లు తెచ్చుకో.

ఆ పిల్ల ఎలా పనిచేసిందో కూడా విను. మిట్టమధ్యాహ్నానికి రుఫీనో ముప్ఫై అడుగుల కాలువ తీస్తే ఈమె నలభై రెండు అడుగులు తీసిందట. అడుగులు కొలిచింది రుఫీనోయే, నమ్మకం కుదరక. రొట్టె, వైన్ పంచే వేళకు “పిల్లా, ఇటు కూర్చో, నీడుంది,” అని చోటిచ్చిందీ అతనే. “పంతులమ్మా, వచ్చే ఏడు కూడా ఈ పిల్లనే పంపు, నువ్వు రాకు,” అన్నాడు ఫ్రోయిలాన్ ఫోన్‌లో.

ఆదివారం సాయంత్రం ఏడూ నలభైకి కెర్తు ఇంటికొచ్చింది. రెండు చేతులకూ కలిపి నాలుగు బొబ్బలు. తోలు తొడుగులు బల్లమీద పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

“సెన్యోరా, మీకు ముందే తెలుసు.”

“తెలుసు.”

“నన్నెందుకు అడగలేదు? మా ఊళ్లోనూ ఈ పని ఉంది. మంచు కరగగానే ఇంటికొకరం వెళ్లి పడవల రేవు బాగుచేస్తాం. చివర్న అందరం కలిసి సూప్ తాగుతాం. రాలేనంటే ఎవరూ ఏమీ అనరు. కానీ ముందు అడుగుతారు. మీరు అడిగితే సరే అనేదాన్ని.”

తప్పయింది, క్షమించమన్నాను. ఆలోచించింది. నువ్వక్కడ ఉంటే ఆ ఆలోచన ఎంత పొడుగో చూసేదానివి. తర్వాత, “సరే,” అంది. ఆ రోజు భోజనమయ్యాక బల్ల దగ్గర గంటా పది నిమిషాలు కూర్చుంది. మాట్లాడింది కూడా. కాలువ మలుపులో కప్పలున్నాయట. మన వంటింటి పొయ్యి వెలగడానికి నలభై నిమిషాలు పట్టిందట. చివర్న, “ఆ నల్ల శాలువా ఆవిడ ఎవరు? పని అయ్యాక నా దగ్గరికొచ్చి, మీ తుంటి ఎలా ఉందని అడిగింది,” అంది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. ‘అకిలీనా మనింటికి ఎందుకు రాదు? మీ ఇద్దరి మధ్య ఏం జరిగింది?’ నువ్వు ఇదివరకు రెండుసార్లు అడిగావు. ఒకసారి చిన్నపిల్లవన్నాను, ఒకసారి మాట మార్చాను. ఇప్పుడు రాస్తాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

పదకొండేళ్ల కిందట, అదే ఏప్రిల్ చివరి శనివారం. పుస్తకం నా చేతిలో ఉంది. సెసారియో ఇంటి వాళ్లను పిలిచాను. నా సొంత తమ్ముడి ఇల్లు. వాడికి చలికాలం నుంచి దగ్గు, అకిలీనాయే పనికి రావాలి. రాలేదు. కబురూ చెయ్యలేదు. “కాస్త ఆగి చూద్దామా, పంతులమ్మా,” అన్నారెవరో. గంట కొట్టాక ఆగేది లేదన్నాను. తమ్ముడి ఇంటికి ఒక రూలు, ఊరికి ఒక రూలు ఉండవన్నాను. ఎర్ర సిరాతో ‘రాలేదు’ అని రాశాను. రాసినందుకు కొంచెం గర్వపడ్డాను కూడా. పని ముగియగానే మధ్యాహ్నం బస్సెక్కి లెయోన్ వచ్చేశాను, సోమవారం స్కూలుంది కనుక. సోమవారం తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. సెసారియో పోయాడు.

అంత్యక్రియలప్పుడు అకిలీనా నా వైపు చూడలేదు. నేనూ మాట కలపలేదు. నేను చేసింది రూలు ప్రకారమే కదా అనుకున్నాను. అలా అనుకుంటూ ఊరికి వెళ్లడం తగ్గించాను. పుస్తకం ఇంకొకరికి అప్పగించాను. ఏటా ఆ ఒక్క శనివారం మాత్రం వెళ్లేదాన్ని, కాలువకు ఆ చివర నిలబడేదాన్ని. తుంటి ఆపరేషన్ రావడంతో అదీ తప్పింది. ఇది కూడా చెప్పేస్తాను: నా తుంటి బాగయ్యి ఏడాదిన్నర దాటింది. తోటపని కూడా చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. నొప్పి అని మీ అమ్మకూ నీకూ చెబుతూ వచ్చింది అబద్ధం. పోయిన ఏడాది నేను వెళ్లనిది తుంటి వల్ల కాదు, అకిలీనా ముఖం చూడలేక. ఆ పిరికితనం వల్ల నీ తోట నీళ్లు పోగొట్టబోయాను. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి పరాయి పిల్లను మోసగించాను.

ఆ అకిలీనాయే లేచి నా ఇల్లు నిలబెట్టింది.

పది రోజులు ఆలోచించి మొన్న బుధవారం బస్సులో వెళ్లాను. ఫ్రోయిలాన్ దగ్గర ఆ ఏటి పుస్తకం అడిగి తీసుకున్నాను. అకిలీనా పెరట్లో ఉల్లినారు నాటుతోంది. నన్ను చూసి లేవలేదు.

“అకిలీనా,” అన్నాను. “‘రాలేదు’ అని రాసిన ఈ వరస కొట్టేస్తున్నాను. నువ్వు చూస్తుండగా కొట్టేద్దామని తెచ్చాను.”

చేతులు గౌనుకు తుడుచుకుని పుస్తకం అందుకుంది. ఆ పేజీ చాలాసేపు చూసి తిరిగి నా చేతిలో పెట్టింది.

“కొట్టెయ్యకు వదినా. నిజమే కదా. ఆ రోజు నేను రాలేదు.”

“మరైతే ఇన్నేళ్లూ...”

“రాసినందుకు అనుకున్నావా?” అంది. “కాలువ నుంచి నీ ఇంటికి పోవాలంటే మా గుమ్మం ముందు నుంచే పోవాలి. పార భుజాన వేసుకుని వెళ్లావు. కిటికీలోంచి చూశాను. ‘రాలేదేమే’ అని తలుపు తడతావని లేచి నిలబడ్డాను. ఆయన మంచంలోంచి, అక్కేనా అని అడిగాడు.”

“ఏం చెప్పావు?”

“వస్తోందని చెప్పాను.”

కమీనో, ఆ పుస్తకం మూసేశాను. పెరటి గట్టు మీద పెట్టాను. జీవితంలో మొదటిసారి గడియారం చూడలేదు.

తనే అంది: “నారు ఎండకు వాడిపోతోంది. వంగగలవా?”

“వంగగలను.”

“తెలుసులే. లెయోన్ వెళ్లొచ్చిన వాళ్లు ఏడాది నుంచీ చెబుతూనే ఉన్నారు, పంతులమ్మ మెట్లు టకటకా ఎక్కుతోందని. ఆ కొస నుంచి మొదలుపెట్టు. పుస్తకంలో గీతలు నీ ఇష్టం, నా నారు వరసలు మాత్రం వంకర తిప్పకు.”

ఐదు వరసలు నాటాం. మూడు తనవి, రెండు నావి. మధ్యాహ్నం గుడ్లు, బంగాళాదుంపలు వేయించి పెట్టింది. ఉప్పు ఎక్కువైంది, చెప్పలేదు. సెసారియో చివరి రోజుల గురించి నేను అడిగాను, తను చెప్పింది. అది నీకు ఉత్తరంలో రాయను. నవంబరులో నువ్వు వచ్చినప్పుడు అకిలీనాయే చెబుతుంది, అడుగు. తిరుగు బస్సు తప్పిపోయింది. మన ఇంటికి వెళ్లి పొయ్యి వెలిగించుకుంటానంటే, “ఇంత పొద్దుపోయాక ఆ తడికట్టెలతో ఎవరు కుస్తీ పడతారు?” అని తన ఇంట్లోనే పడుకోబెట్టింది. మర్నాడు గురువారం. మన నీటి వంతు.

జూన్ ఇరవైన కెర్తును రైలెక్కించి, ఇరవై ఒకటిన నేను పెన్యసోలా వెళుతున్నాను. నువ్వొచ్చే దాకా అక్కడే ఉంటాను. ఉత్తరాలు అక్కడికే రాయి. మన తర్వాత నీటి వంతు అకిలీనాది. గురువారం పొద్దున ఎనిమిదీ ముప్పావుకు మన తూము మూసి, వెళ్లి ఆమె తలుపు తట్టి, నీళ్లొస్తున్నాయని చెప్పాలి. కేకేస్తే వినబడే దూరమే. అయినా వెళ్లి తడతాను. మొన్న గురువారం వెళ్లి తట్టాను. “తెరిచే ఉంది, రా వదినా,” అంది లోపల్నుంచి.

ఇట్లు,
నిన్ను దీవిస్తూ,
మీ అమ్మమ్మ
వెనెరాందా